పాతదా, కొత్తదా అని అడిగిన మెషీను

ఈ పొద్దున నా కాఫీ చల్లారేలోపే మా ఆవిడ ఫోను తనంతట తానే కొత్త సిస్టం వేసుకుని, ఒకసారి ఆరి మళ్లీ వెలిగి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. రోజూ నొక్కే బొమ్మలు ఎటు పోయాయో తెలియక ఆవిడ ఫోను తెచ్చి నా ఒళ్లో పడేసింది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే చిక్కడపల్లి మొదలుకొని నారాయణగూడ చౌరస్తా దాకా ఒక ఆపరేటింగ్ సిస్టంని మొదటి అక్షరం నుంచి సొంత చేతులతో తయారుచేసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే.

ఫ్లాపీల కాలం చూసిన నా ఈడు వాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. చిక్కడపల్లిలో ఒక సందు మొదట్లో మా టైపింగు, జిరాక్సు దుకాణం ఉండేది. ముందు గదిలో రెండు కంప్యూటర్ల మీద మా ఆవిడా నేనూ టైపు చేస్తే, ఆ ఫైళ్లన్నీ వెనక గదిలోని మూడో మెషీన్‌లో చేరేవి. ఆ మూడోదాంట్లో నేను ఉచితంగా దొరికే ఒక సిస్టం పెట్టాను. హోటలు నుంచి తెచ్చుకునే ఇడ్లీ లాంటిది కాదది, పప్పు నానబోసి రుబ్బి వండుకునేది. సోర్సు కోడు ఇస్తారు, మన మెషీన్‌లోనే దాన్ని కంపైలు చేసుకోవాలి, అంటే మనిషి రాసిన కోడుని మెషీను నడిచే రూపంలోకి మార్చుకోవాలి. మొదటి అక్షరం నుంచి అన్నాను గదా, అది కాస్త సాగదీసిన మాట. ఆ అక్షరాలు రాసిన మహానుభావులు ఏ దేశాల్లో ఉన్నారో నాకు తెలియదు, నేను చేసిందల్లా గైడులో చూసి వరసగా ఆదేశాలు కొట్టడం.

అశోక్ నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకి కోచింగు చెప్పే సార్ ఒకాయన, కోస్తా మనిషి, తన మోడల్ పేపర్లన్నీ మాకే ఇచ్చేవాడు. మా దుకాణం నిలబడింది ఆయన పనిమీదే. ఒక ఆదివారం పొద్దున పెద్ద పరీక్ష పెట్టాడు. ఆ పేపరంతా మా ఆవిడ వేళ్లు నొప్పి పుట్టేలా కొట్టి వెనక మెషీన్‌లో దాచింది, ఇక అచ్చు తీయడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే, పరీక్షకి ముందు శుక్రవారం సాయంత్రమే, నాకు సిస్టంని కొత్త వెర్షనుకి మార్చాలని బుద్ధి పుట్టింది.

“జర ఆగండి, పేపరు ఒక ఫ్లాపీల ఎక్కించి తర్వాత ఏమన్న చేసుకోండి,” అంది మా ఆవిడ. సిస్టమే నా చేతిలో ఉండగా ఫ్లాపీ ఎందుకన్నాను నేను.

కంపైలు మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. లోపలి గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి, కరెంటు వచ్చాక మెషీను కొన్నేళ్ల వెనక్కి వెళ్లి కూర్చుంది. దాని లెక్కలో నా ఫైళ్లన్నీ ఇంకా పుట్టనివి. అది చేసిందే చేస్తూ, ఆగిందే ఆగుతూ నన్ను ఏడిపించింది. తేదీ సరిచేయాలని తట్టేదాకా కుర్చీని తిట్టాను, కీబోర్డుని తిట్టాను, ఆ కోడు రాసిన మహానుభావులను కూడా వదల్లేదు.

తెల్లారాక పని చివరికొచ్చింది. అప్పుడు మెషీను ఒక్కొక్క సెట్టింగు ఫైలూ తెరమీదకి తెచ్చి, పాతది ఉంచమంటావా, కొత్తది పెట్టమంటావా అని అడగసాగింది. విసిగిపోయి ఉన్నానేమో, చదవకుండానే అన్నిటికీ కొత్తదని కొట్టుకుంటూ పోయాను. ఆ వరసలో మనుషుల పేర్లూ పాస్‌వర్డులూ ఉండే ఫైలు కూడా ఉంది. మెషీను ఆరి వెలిగాక నా పేరు కొడితే అలాంటివాడు లేడంది, మా ఆవిడ పేరు కొట్టినా అంతే. ఇల్లుంది, సామానుంది, మమ్మల్ని గుర్తుపట్టేవాళ్లే లేరు. రోజంతా అవే పేర్లు మళ్లీ మళ్లీ కొట్టాను. మెషీనుకి యజమానిగా రూట్ అనే పేరొకటి ఉంటుంది గానీ, దాని పాస్‌వర్డు నేను ఏనాడో మరిచిపోయి ఆ వైపే పోవడం మానేశాను.

సాయంత్రానికి కోచింగు సార్ దుకాణం మెట్లెక్కాడు. “ఏమండీ, రేపు పొద్దున్నే పిల్లలొచ్చి కూర్చుంటారు. తెల్లకాయితాలు పంచమంటారా? ఎదురు షాపతను ఈ పని తనకిమ్మని నాలుగుసార్లు అడిగాడండీ, నేనే మీకిచ్చాను,” అన్నాడు.

నేను ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పి కాసేపు ఆగమన్నాను. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అన్నీ కొత్తవే పెట్టానంటే, పాస్‌వర్డుల ఫైలు కూడా మొదటిరోజున ఉన్నట్టే ఉండాలి. మొదటిరోజు యజమానికి పాస్‌వర్డే లేదు. రూట్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. ఏమీ అడక్కుండానే లోపలికి రానిచ్చింది. పాత ఫైలు నకలొకటి మెషీనే ఒక మూల దాచి ఉంచింది. దాన్ని తెచ్చి దాని చోట పెట్టగానే మా పేర్లు తిరిగొచ్చాయి, పేపరూ దొరికింది. ఆదివారం పరీక్ష జరిగింది, సార్ మళ్లీ మా దగ్గరికే వచ్చాడు.

ఆ దుకాణం ఇప్పుడు లేదు, ఆ సందులో ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఈ రోజుల్లో ఏ యంత్రమూ మనల్ని పాతదా, కొత్తదా అని అడగదు. అడిగిన కాలంలో నేను చదవకుండా జవాబిచ్చాను. చదివి జవాబివ్వాలని బుద్ధొచ్చేసరికి అడిగేవాళ్లు లేకుండా పోయారు.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఫోనులోంచి తలెత్తకుండానే అంది. “రూట్ అని కొట్టింది నేను. అన్ని కొత్తవి పెట్టినరు గదా, కొత్తల ఎట్ల పోయినరో గట్లనే పోదామని నేనే అన్న. మీరప్పుడు తలుపుకాడ నిలబడి, కరెంటు లేదని సార్‌కు చెప్తున్నరు. మీ నెత్తిమీద ఫ్యాను తిరుగుతున్నది.”