అతికించిన మబ్బు

మబ్బు పట్టిందంటే మా ఆయనకు ఇంట్లో కాలు నిలవదు. లోకమంతా ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పరుగెత్తుతుంటే, ఈయన కెమెరా సంచి భుజాన వేసుకుని ఏటిగట్టుకు బయలుదేరతారు. ఉద్యోగం కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభాలెక్కే మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందో నాకు తెలియదు. పెళ్ళయిన కొత్తలో, ఏటి దగ్గర ఎవతైనా ఉందేమోనని వెనకాలే వెళ్ళి చూశాను కూడా. ఉన్నది బురద, దోమలు, గొడుగు కింద ఈయన.

ఒక్క ఫొటో కోసం పూటంతా కూర్చునేవారు. వాన వెలిశాక మబ్బు అంచు నుంచి ఎండ జారి నీళ్ళ మీద పడే ఆ కాసేపు చాలట. అదీ రాకపోతే వట్టి చేతులతో తిరిగొచ్చేవారు. ఇవాళ వెలుతురు రాలేదనేవారు, బస్సు రాలేదన్నంత మామూలుగా.

ఆ ఫొటోలు అచ్చువేసేది మా అన్నయ్య. స్టూడియో తనదే. ఈయన మెమరీ కార్డు ఇచ్చి వస్తే, అన్నయ్య అందులోవన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని, దాన్ని ఖాళీ చేసి తిరిగిచ్చేవాడు. ఫొటోలు పెద్ద సైజులో వేసి, కింద మూలన ఈయన పేరు పెట్టి, ఆఫీసులకూ ఆసుపత్రులకూ అమ్మేవాడు. మా ఇంటి గోడకు ఒక్కటి ఇవ్వమంటే రేపు మాపు అనేవాడు. మనింటివాడే కదా అని మేమూ పట్టుబట్టలేదు.

మొన్న పన్ను పీకించడానికి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ముందుగదిలో బల్లకెదురుగా ఈయన ఫొటో. పంటి నొప్పి కూడా మరిచిపోయేంత సంబరమేసింది నాకు. ఈయన మాత్రం లేచి దగ్గరికెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏరు మనదే," అన్నారు. "మబ్బు మాత్రం రిజర్వాయరు దగ్గర తీసింది. అదీ వేరే ఏడాది."

నాకు అర్థం కాలేదు. నీళ్ళ మీద వెలుతురు ఎడమ పక్క నుంచి పడుతోంది, మబ్బేమో కుడి పక్కన మెరుస్తోంది. వేలు పెట్టి చూపించాక నాకూ కనిపించింది. పన్ను పీకించుకోకుండానే స్టూడియోకి వెళ్ళాం.

అన్నయ్య తడబడలేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. మొదట్నుంచీ ఇలాగే మబ్బులు అతికిస్తున్నానని, బోసి ఆకాశాలు ఎవరూ కొనరని, తన చేతి చలవ వల్లే బావ పేరు గోడలెక్కిందని చెప్పుకొచ్చాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. నోటికొచ్చినట్టు తిట్టాను. ఈయన నన్ను ఆపి, అసలు ఫొటోలు ఇచ్చెయ్యమని అడిగారు.

"లేవు బావా. మార్చినవి ఉన్నాయి కదా అని అసలువి తీసేశాను. కంప్యూటర్లో చోటు చాల్లేదు."

"ఒక్కటి కూడా లేదా?"

"నువ్వు కళ్ళారా చూశావుగా. ఇంకేం కావాలి?"

ఈయన కుర్చీలో కూలబడ్డారు. అన్ని వానలు తడిసి, అన్ని జ్వరాలు పడి, చివరికి ఒక్క నిజమైన ఏరు కూడా మిగల్లేదు. నాకు ఏడుపొచ్చింది. పరాయివాడు చేస్తే పదిమందిలో పెట్టి అడగొచ్చు. తోడబుట్టినవాడు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఇంటికొచ్చాం. ఈయన తాళం తీసి లోపలికి అడుగుపెట్టాక నా వైపు తిరిగారు.

"నీకు ముందే తెలుసా?"

తెలియదన్నాను. ఒట్టేసి చెప్పాను. తలూపి వెళ్ళి పడుకున్నారు. అప్పటి నుంచి మామూలుగానే ఉంటున్నారు, పలకరిస్తే పలుకుతున్నారు. నా మాట నమ్మారో లేదో మాత్రం తెలియడం లేదు. అడుగుదామంటే నోరు రావడం లేదు, ఎంతైనా నేను ఆ అన్నకు చెల్లెల్నే కదా.