ఎనిమిది మిల్లీమీటర్ల పొర

కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో కూర్చుని, ఫ్రేముకు సరిపోయేలా అద్దాలు అరగదీసే ఆవిడను అందరూ కొలతలమ్మ అనేవారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టేది. ముప్పై ఏడో ఏటే ఆమెకు నెలసరి ఆగిపోయింది. అండాలు లేవనీ, గర్భసంచి మాత్రం బాగుందనీ డాక్టరమ్మ తేల్చింది. ఇంకొకరు దానం చేసిన అండంతో పిండాన్ని తయారుచేసి లోపల పెట్టవచ్చు. అది అంటుకోవాలంటే ముందు గర్భసంచి లోపలి పొర మందంగా ఎదగాలి. అందుకు కావలసిన హార్మోన్‌ను మాత్రలతో అందించాలి.

పూటకొకటి చొప్పున రోజుకు మూడు. రెండో వారానికల్లా ఆమె కాలు ఒకచోట నిలవడం మానేసింది. రొమ్ముల సలపరం, తలబరువు, ఎందుకొస్తుందో తెలియని ఏడుపు. లిఫ్టులు బాగుచేసే భర్త కుర్చీ కాస్త గట్టిగా జరిపినా అంతెత్తున లేచేది. మరుక్షణమే అతని చొక్కా పట్టుకుని వెక్కేది.

స్కానులో పొర ఐదున్నర మిల్లీమీటర్లే ఉంది.

"కనీసం ఎనిమిదికి రావాలమ్మా. మోతాదు పెంచుదాం" అంది డాక్టరమ్మ.

ఆ రెండున్నర ఆమెకు కొండంతైంది. అరగదీయడమే తప్ప మందం పెంచడం తెలిసిన చేతులు కావవి. ఆ మధ్యాహ్నం దుకాణంలో రెండు జతల అద్దాలు పాడుచేసింది.

తొమ్మిది రోజుల తరువాత పొర ఎనిమిది దాటింది. ఇక పిండం నిలవడానికి పొరను సిద్ధం చేసే రెండో హార్మోన్, ఇంజెక్షన్ రూపంలో. ఒకప్పుడు నర్సుగా పనిచేసిన అత్తగారే సూది పట్టుకున్నారు.

"అత్తయ్యా, ఆ అండం నాది కాదు కదా. రేపు అమ్మా అని పిలిపించుకోవడానికి నాకు మొహం చెల్లుతుందా?"

"ముందు అటు తిరుగు. నీ మొగుడికి నా పోలిక గోరంతైనా రాలేదు. మొత్తం వాళ్ళ నాన్నే. అయినా నలభై ఏళ్ళుగా అమ్మా అమ్మా అని నా ప్రాణం తీయట్లేదూ? కదలకు!"

కోడలికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే సూది దిగిపోయింది.

ఆరో రోజున పిండాన్ని లోపల పెట్టారు. రక్తపరీక్షలో గర్భం నిలిచిందని తేలింది. మందులు మాత్రం ఆగలేదు, గుండెల్లో గుబులూ ఆగలేదు. పన్నెండో వారంలో డాక్టరమ్మ మందులాపేయమంది. "మాయ తయారైందమ్మా. కావలసిన హార్మోన్లు ఇక అదే చూసుకుంటుంది."

అన్ని వారాలూ ఎప్పుడు వదులుతాయా అనుకున్న మాత్రలను ఇప్పుడు వదలడానికి చేయి రాలేదు. మర్నాడు పొద్దున ఒక మాత్ర అరచేతిలో పెట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది.

"ఒక్కటి వేసుకుంటే ఏమవుతుందండీ?"

"ఏమో, నాకు లిఫ్టుల సంగతే తెలుసు. పద, ఆవిడనే అడుగుదాం" అన్నాడు భర్త.

ఆస్పత్రి తలుపులు తీయకముందే ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు. డాక్టరమ్మ మందలించలేదు. స్కాను తెర ఆమెవైపు తిప్పి, గుండె చప్పుడు వినిపించింది. ఆమె ఇంకోసారి వినిపించమంది. ఆ మాత్రను అక్కడి చెత్తబుట్టలోనే వేసి వచ్చింది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. నర్సు బిడ్డను తుడుస్తుండగానే "చాల్లెండి, ఇలా ఇవ్వండి, ఇలా ఇచ్చేయండి" అంటూ కొలతలమ్మ రెండు చేతులూ చాచింది.