సీసాల్లో సర్దిన కారు

"నీ కారు కాదు, మీ నాన్న కారు కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

తుక్కు సామాన్ల కొట్టాయన ఇలా అడిగినప్పుడు సూదాయన దగ్గర జవాబు లేకపోలేదు. కానీ అది నలుగురిలో చెప్పుకునే జవాబు కాదు. సొంత అక్కను తన ఇంట్లోంచి సాగనంపడానికి పాత కారు బాగుచేస్తున్నానని ఏ తమ్ముడు చెప్పుకుంటాడు? "ఏదో, కాలక్షేపానికి" అని గొణిగాడు. కొట్టాయన అతన్ని ఎగాదిగా చూసి, తుప్పు పట్టిన దీపపు చట్రం ఒకటి చేతికిచ్చి, "కాలక్షేపానికైతే పేకాట చవక" అన్నాడు.

సూదాయన అన్నది వీధి పెట్టిన పేరు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కొట్టు అంటే ఒక తలుపు, ఒక బల్ల, బల్ల మీద ఒక తెల్లగుడ్డ. మిషను విప్పితే ప్రతి మరనూ తీసిన వరుసలోనే ఆ గుడ్డ మీద పెడతాడు. రెండు మిషన్లు ఒకేసారి విప్పాల్సి వస్తే ఒకదాని భాగాలకు ఎర్రదారం, ఇంకోదానికి పచ్చదారం కడతాడు. ఇదేదో గొప్ప పద్ధతని మెచ్చుకోనక్కర్లేదు. మతిమరుపు మనిషి తన కోసం చేసుకున్న ఏర్పాటు, అంతే. దారం కట్టకపోతే ఆయనకు తన కళ్ళజోడు కూడా దొరకదు. కార్ల గురించి ఆయనకు తెలిసిందల్లా, రోడ్డు దాటేటప్పుడు వాటికి దారి ఇవ్వాలని.

కారు ఆయన బావది. బావ ఒక ఫ్యాక్టరీ స్టోరులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగానే గుండ్రటి వీపున్న ఒక పాత కారు కొన్నాడు. కొనడానికి అక్క గొలుసు కరిగిపోయింది. బావ ఇంటి ముందుగది ఒకప్పుడు కొట్టుకు అద్దెకిచ్చినది కాబట్టి దానికి షట్టరు ఉంది. కారును ముక్కు గోడవైపు పెట్టి ఆ గదిలోకి తోయించాడు. విప్పడం మొదలుపెట్టాడు. ఇలాంటి వాళ్ళ గురించి తపన అనీ, కల అనీ రాస్తుంటారు. అదేం కాదు. కొందరికి విప్పడం ఇష్టం, అంతే.

పైగా ఆయన విప్పిన తీరే వేరు. స్టోరులో బతికిన మనిషికి సామాను కలగాపులగంగా ఉంటే ఒళ్ళు మండిపోతుంది. తలుపు బోల్టులు, బంపరు బోల్టులు, సీటు బోల్టులు అన్నీ ఒకే బకెట్లో వేసి కిరసనాయిలుతో తళతళలాడేలా కడిగాడు. తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో చూడకుండా, కొలతల ప్రకారం వేరుచేసి గాజుసీసాల్లో పోశాడు. ప్రతి సీసా మీదా అంటించిన కాగితంపై కొలత ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. ఏ సైజు బోల్టు ఎన్ని ఉన్నాయో అరనిమిషంలో చెప్పగలడు. ఏది ఎక్కడ బిగించాలో ఆయనే కాదు, కారు తయారుచేసినవాడు దిగివచ్చినా చెప్పలేడు. ఇంజను మాత్రం విప్పలేదు. దానికి సరిపోయే పాన ఆయన దగ్గర లేదు. ఆ ఇంటికి జరిగిన మేలు అదొక్కటే.

సీసాలు సర్దడంతో స్టోర్‌కీపరు పని ముగిసింది. కారు అలాగే ఉండిపోయింది. తలుపులు పడగ్గది గోడకు చేరాయి. వెనకసీటు వంటింట్లో బెంచీ అయింది. బంపరు మంచం కిందికి వెళ్ళింది. ఏళ్ళు గడిచాయి. ఒక ఉదయం అక్క మంచం దిగబోయి తూలిపడితే మోకాలు ఆ బంపరుకు కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. కట్టు కట్టించుకుని సరాసరి తమ్ముడి గుమ్మంలో దిగింది.

"ఆ కారు నడుచుకుంటూ ఆ గదిలోంచి బయటికి పోయిన రోజే నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేది" అంది.

"తుక్కు కింద అమ్మేద్దాం అక్కా. నాకు తెలిసిన కొట్టుంది."

"నా గొలుసు ఉందిరా దాంట్లో! తుక్కుకి వేస్తే నా గొలుసు తుక్కుకి పోయినట్టే. నడవాలి. దాని కాళ్ళ మీద అది నడవాలి."

సూదాయన ఇల్లు రెండు గదులు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. వారం తిరక్కముందే అక్క వంటింటి డబ్బాలన్నీ చోట్లు మార్చింది. ఫ్యాను గాలికి మోకాలు లాగుతోందని రాత్రీ పగలూ ఆపించింది. మరదలు, అంటే సూదాయన భార్య, బట్టలు ఆరేసే తీరు చూసి, "మీ అమ్మగారు నేర్పలేదా, అమ్మాయ్?" అని ముద్దుగా అడిగింది. మరదలు ఏమీ అనలేదు. దానికే సూదాయనకు భయం వేసింది. ఆ మనిషి తిడితే మంచిది. మాట్లాడకుండా పళ్ళెం పెట్టిందంటే మటుకు ఇంట్లో వాన కురవబోతోందన్నమాట. ఇరవై ఏళ్ళ కాపురంలో పళ్ళెం చప్పుడు కాకుండా పెట్టడం అదే మొదలు.

ఇక లాభం లేదని సూదాయన కొట్టు మధ్యాహ్నాలు మూసి బావ ఇంటికి వెళ్ళాడు.

బావ ముందుగదిలో, సీట్లు లేని కారు లోపల చాపేసుకుని కూర్చున్నాడు. "ఏమోయ్, కుట్టుమిషనుకీ కారుకీ తేడా తెలుసా?" అన్నాడు.

"తెలుసు బావా. కుట్టుమిషను వల్ల ఎవరూ పుట్టింటికి పోలేదు."

సూదాయన ఒక సీసా మూత తీసి అరచేతిలో బోల్టులు పోసుకున్నాడు. అన్నీ కొత్త పెళ్ళికొడుకుల్లా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా మచ్చ లేదు, గుర్తు లేదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు చూపు కారు మీద పడింది. బావ బోల్టులు కడిగాడు కానీ, చిల్లులు కడగలేదు. ప్రతి చిల్లు చుట్టూ బోల్టు కింది పాత వాషరు గుండ్రంగా వదిలిన ముద్ర ఉంది. కొన్నిచోట్ల రంగు మిగిలింది, కొన్నిచోట్ల మట్టి గడ్డకట్టింది. ముద్ర ఎంత వెడల్పో వాషరు అంత. లోపలి మరలు చూస్తే బోల్టు లావు తెలుస్తుంది. సన్నపుల్ల దూర్చితే పొడవు తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి దారాలు కావాలన్నాడు. ఎందుకని అడక్కుండానే భార్య కుట్టుపెట్టె మొత్తం బోర్లించింది. "చాలకపోతే చెప్పండి. నా చీర అంచులు విప్పిస్తాను" అంది. ఆ వారంలో ఆవిడ మాట్లాడిన పెద్ద మాట అదే.

మర్నాటి నుంచి చిల్లుకు ఒక రంగు దారం, దానికి సరిపోయిన బోల్టుకు అదే రంగు దారం. కారు నిండా ఎరుపు, పసుపు, నీలం కొసలు వేలాడాయి. బావ దూరంగా కూర్చుని చూశాడు. సూదాయన తన సీసాల్లో చెయ్యి పెట్టి కెలుకుతుంటే ఉండబట్టలేక లేచి వచ్చాడు.

"అలా చెయ్యి పెట్టకోయ్! ఏం కావాలో చెప్పు, నేనిస్తాను."

"తలుపుకి, పొట్టివి నాలుగు."

"పొట్టివి అంటే? స్టోరులో పొట్టి, పొడుగు ఉండవు. కొలత చెప్పు."

అక్కణ్ణుంచి బావ తన పాత ఉద్యోగంలో చేరిపోయాడు. వంటింట్లోంచి వెనకసీటు తెచ్చుకుని సీసాల ముందు వేసుకున్నాడు. అడిగిన బోల్టు లెక్కపెట్టి ఇచ్చేవాడు. సరిపోనిది తిరిగిస్తే తుడిచి లోపల వేసేవాడు. ఒకసారి సూదాయన బోల్టు కిందపడేసి ఇంకోటి అడిగితే, "పాతది తెచ్చి చూపించు" అని కూర్చున్నాడు. సూదాయన కారు కిందికి పాకి, నెత్తికి దెబ్బ తగిలించుకుని, దాన్ని వెతికి తెచ్చాడు. చంపేద్దామనిపించింది. కానీ ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ స్టోరులో వెతుకులాట లేదు. అడగడమే ఆలస్యం.

బ్రేకు షూలు పూర్తిగా అరిగిపోయాయి. వాటి కోసమే తుక్కు కొట్టాయన దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఆయన ఎక్కడో పాతకార్ల గుట్టలోంచి సరిపోయే జత తీసిచ్చి, "డబ్బులో?" అన్నాడు. పక్కనే ఉన్న బావ, "నా కారు. నేనిస్తాను" అని ఠీవిగా చెప్పాడు. పక్కవీధి మెకానిక్ వచ్చి ఇంజన్లో నూనె పోసి, చేత్తో తిప్పి, కార్బురేటరు కడిగి, కొత్త బ్యాటరీ పెట్టాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి, గదినిండా పొగ నింపి, అందుకుంది. బావ మొహం చూడాలి. తన ఇంట్లో తనకు తెలియకుండా ఇంకో మనిషి కాపురముంటున్నట్టు చూశాడు.

మిగిలింది గదిలోంచి వెనక్కి తీయడమే. షట్టరు ఎత్తారు. బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు. సూదాయన వీధిలో నిలబడి, "రానివ్వండి బావా, రానివ్వండి" అని చెయ్యి ఊపాడు. బావ రివర్సు వేసి క్లచ్చి వదిలాడు. కారు ఒక్క గంతు వేసి ముందుకెళ్ళి గోడకు ముక్కు ఆనించి ఆగిపోయింది.

"నేను రివర్సే వేశాను!" అని లోపలినుంచి కేక.

అక్క జీవితాంతం తన ఇంట్లోనే ఉండటం, భార్య పళ్ళెం చప్పుడు లేకుండా పెట్టడం, ఫ్యాను తిరగకపోవడం, అన్నీ సూదాయన కళ్ళముందు వరుసగా కదిలాయి. తర్వాత వెలిగింది. స్టీరింగు పక్కనున్న గేరుకర్ర నుంచి కిందికి దిగే చిన్న మీట ఒకటుంది. దాన్ని తనే బిగించాడు. ఏ బోల్టు ఏ చిల్లుదో దారం చెప్తుంది. ఏ కొస పైకి ఉండాలో చెప్పదు.

"బావా, ఒకటో గేరు వెయ్యండి!"

"మతి పోయిందా? గోడలోకి పోతుంది."

"ఆ మీట తిరగేసి పెట్టాను. తప్పు నాదే. వెయ్యండి!"

ఆ కారు అన్నేళ్ళ తర్వాత గదిలోంచి వీధిలోకి ఒకటో గేరులో, వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. ఒక్క గేరూ చెప్పినట్టు వినలేదు గానీ, బ్రేకులు మాత్రం పట్టాయి. సూదాయన రోడ్డు పక్కన కూలబడి నవ్వాడో, ఏడ్చాడో తనకే తెలియలేదు. మీట తిప్పి బిగించడానికి మర్నాడు గంట పట్టింది.

అది బిగించిన సాయంత్రమే బావ చొక్కా మార్చుకుని, కారులో బావమరిది గుమ్మం ముందుకొచ్చి హారన్ కొట్టాడు. అక్క బయటికి రాలేదు. కిటికీలోంచే అడిగింది.

"నడిచిందా, తోయించావా?"

"నడిచింది."

"మంచం కింద?"

"ఏం లేదు. ఊడ్చాను కూడా."

అప్పుడు వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. బానెట్టు అంచున మర్చిపోయిన పసుపుదారం ఒకటి వేలాడుతుంటే పీకి పారేసింది. "గొలుసు కంటే ఇదే బరువుగా ఉందిలే" అని ముందుసీట్లో కూర్చుంది. మరదలు సంచులన్నీ ఒకే విడతలో తెచ్చి పెట్టింది. "వదినా, వస్తూ ఉండండి" అంది, తలుపు వేస్తూ.

కారు మలుపు తిరిగిందాకా చూసి భార్యాభర్తలు లోపలికొచ్చారు. ఆవిడ ఫ్యాను స్విచ్ వేసి, రెగ్యులేటరు చివరిదాకా తిప్పింది. డబ్బాలు ఒక్కొక్కటే పాత చోట్లకు చేర్చింది. పళ్ళెం నేల మీద టంగుమని పెట్టింది.

"ఏంటా నవ్వు? అన్నం చల్లారిపోతుంది, తినండి" అని కసిరింది. ఆ రాత్రి సూదాయన తిన్నంత అన్నం నెలలో ఎప్పుడూ తినలేదు.

బావ ఇప్పుడు ఆదివారాలు అక్కను ఎక్కించుకుని ఊరు తిరుగుతాడు. తుక్కు కొట్టు ముందునుంచి మాత్రం వెళ్ళడు. బ్రేకు షూల డబ్బు ఇంకా ఇవ్వలేదు.