నా కొలతకి యముడి వేషం

పోయిన డిసెంబరులో దుర్గ్ స్టేషన్‌లో దిగినప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు, పరుగు బూట్లు తప్ప ఇంకేమీ లేవు. మర్నాడు భిలాయిలో మారథాన్. మారథాన్ అని పెద్దపేరే గాని పది కిలోమీటర్లే. నలభై తొమ్మిదేళ్ళ నా మోకాళ్ళకి మాత్రం అది కాశీయాత్ర. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద అయిదు నెలలు రొప్పుకుంటూ సాధన చేశాను. వేషం వేసుకుని పరిగెత్తేవాళ్ళు వేరే వరసలో నిలబడాలి. నా వేషం మా తమ్ముడి క్వార్టర్లో, ఇనప్పెట్టెలో ఉంది. యముడి వేషం.

మా తమ్ముడు భిలాయి ఉక్కు ప్లాంటులో కొలిమి దగ్గర పని చేసేవాడు. భద్రతా వారోత్సవాల్లో హెల్మెట్ లేనివాళ్ళని బెదిరించడానికి గేటు దగ్గర ఒక యముణ్ణి నిలబెడతారు. మావాడు ఆరడుగుల మనిషి, బుర్రమీసం, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే నోరు. ఇంకెవరికిస్తారు ఆ వేషం? వాడికది ఎంత నచ్చిందంటే, ఏటేటా డిసెంబరు పరుగులో కూడా యముడిగానే పరిగెత్తేవాడు. కిరీటం జారిపోకుండా దాని లోపల పాత హెల్మెట్ ఒకటి బిగించుకున్నాడు. జనవరిలో ఒక పొద్దున్న డ్యూటీకి బయల్దేరబోతూ, బూటు లేసు కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. నలభై నాలుగేళ్ళు.

వాడితో పరిగెత్తే స్నేహితుడొకడు ఫోన్ చేసి, "ఈసారి యమరాజ్ లేడు దీదీ, మనసొప్పడం లేదు" అన్నాడు. నేనొస్తానని అనేశాను. ఆలోచించకుండా అనెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. కానీ పరుగు ఒక వంక మాత్రమే. అసలు నేను వెళ్ళింది మరదలి ముందు ఒక తప్పు ఒప్పుకోవడానికి.

ఆ తప్పు చెప్పాలంటే భాయీ దూజ్ సంగతి చెప్పాలి. దీపావళి వెళ్ళిన రెండోనాడు యముడు చెల్లెలు యమున ఇంటికి భోజనానికి వెళ్ళాడట. ఆ రోజు అక్కచెల్లెళ్ళ చేతి వంట తిన్నవాడికి అకాలమృత్యువు ఉండదని వరమిచ్చాడట. మన పంచాంగంలో భగినీ హస్త భోజనం అని ఉంటుంది గాని, శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చిన మా అమ్మ దాన్ని పట్టించుకున్నట్టు నాకు గుర్తు లేదు. మేం పెరిగిన ప్లాంటు సెక్టార్లో పక్క క్వార్టర్ల వాళ్ళని చూసి మేమూ మొదలుపెట్టాం. మా ఆయనది రైల్వే ఉద్యోగం. వాడు పోయాక విశాఖపట్నం బదిలీ అయింది గాని, మేం రాయపూర్‌లో ఉన్నన్నాళ్ళూ తమ్ముడు దూజ్‌కి బండి మీద వచ్చేవాడు, అదీ యముడి వేషంలో. "సాక్షాత్తూ యముడికే అన్నం పెడతన్నావక్కా, నీకేటి లోటు" అంటూ పీట మీద గద పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. వీధి వీధంతా నవ్వేది.

మూడేళ్ళ కిందట మా అత్తగారు మంచాన ఉన్నారు. ఎనభై నాలుగేళ్ళు. నేను వంటింట్లో ఉండగా ఈ మహానుభావుడు పాశం తిప్పుకుంటూ తిన్నగా ఆవిడ గదిలోకి వెళ్ళి, "పదవే ముసిలీ" అన్నాడు. ఎప్పుడూ ఆవిడతో వేళాకోళమాడేవాడు, ఆవిడా నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. కేక పెట్టి దుప్పటి మొహం మీదకి లాక్కుంది. నెల తిరగకుండా పోయింది. వయసయిపోయి పోయిందని నాకు తెలుసు. కానీ మా ఆయన తరఫువాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటుంటే, నా కోపం కూడా వాడి మీదకే తిరిగింది. ఏడాది మాట్లాడలేదు. మళ్ళీ దూజ్ ముందు వాడే ఫోన్ చేసి, "వేషం లేకుండా వస్తానక్కా" అన్నాడు. "ఏ మొహంతోనూ నా గుమ్మం తొక్కకు" అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. రెండున్నర నెలలకి వాడు లేడు.

వాడికి పెట్టని ఆ అన్నం గురించి నేను ఎవరితోనూ చెప్పలేదు. మరదలికి తెలిసే ఉంటుందని, అందుకే నాతో ముభావంగా ఉంటోందని అనుకున్నాను.

స్టేషన్‌కి మేనకోడలు స్కూటీ మీద వచ్చింది. దారిలో నంబరు కాగితం తీసుకున్నాం. కౌంటర్ దగ్గరాయన వేషం ఏమిటని అడిగితే, ఆ పిల్లే "యమరాజ్, మా పాపావాలా" అని చెప్పి మొహం తిప్పుకుంది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంటికి వెళ్ళేసరికి మరదలు వేషమంతా పెరట్లో తీగ మీద ఎండేసింది. ఎర్ర వెల్వెట్ అంగీ, జరీ అంచు పంచె, పాశానికని తెచ్చుకున్న, నల్లగా ప్లాంటు జిడ్డు అంటిన నైలాన్ తాడు. అన్నం తిన్నాక నన్ను నిలబెట్టి అంగీ తొడిగింది. నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు అందులో. వాడి చెమట వాసన ఇంకా పోలేదు. నాకు ఏడుపొచ్చి, అంగీ బాగా వేడిగా ఉందే అన్నాను. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని నా నడుము దగ్గర కుచ్చిళ్ళు పడుతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"నీకో మాట చెప్పాలే" అన్నాను.

"నేనూ ఒకటి చెప్పాలొదినా. ముందు నన్ను చెప్పనీండి" అంది, సూదులు తీసి అరచేతిలో పెట్టుకుని. "ఆ రోజు పొద్దున్న ఆయన గుండెల్లో మంటగా ఉందన్నారు. గ్యాసేలెండి, ఈనో తాగి డ్యూటీకెల్లండి అన్నాను. నేనే అన్నాను. బూట్లు కూడా నేనే తెచ్చి పెట్టేను."

ఆమె అరచేతిలో సూదుల వంకే చూస్తోంది.

"ఎవులికీ చెప్పనేదు. నేనే సంపుకున్నానేటో అని ఎన్ని దినాలు ఏడ్సేనో. పిచ్చెక్కిపోదును. కానీ ఒక్కటి గుర్తొచ్చి నిలబడ్డాను. పోయినేడు దూజ్‌కి మీ చేతన్నం తిన్నారు కదా. తిన్నోడికి అకాలమృత్యువు నేదంటారు. అంటే ఆయుస్సే అంత, నా తప్పేటీ నేదు. అవునా కాదా?"

"నా ఇంట్లో తిన్నానని చెప్పాడా?" అన్నాను.

"చెప్పకేటి. పొద్దున్నే తలకి పోసుకుని, కొత్త చొక్కా ఏసుకుని బండి మీదెల్లేరు. గొడవైంది కదా, ఎల్లకండి అంటే, అక్కే పిలిచిందన్నారు. సాయంత్రం వొచ్చి, అక్క కడుపు పగిలేలా పెట్టింది, రాత్రికేటీ ఒద్దని పడుకున్నారు."

ఆ రోజంతా కొత్త చొక్కా వేసుకుని వాడు ఎక్కడ తిరిగాడో, మా వీధి దాకా వచ్చి వెనక్కి పోయాడో, ఏమైనా తిన్నాడో లేదో నాకు తెలియదు. ఇంక తెలియబోదు కూడా. నన్ను మరదలి ముందు తక్కువ చెయ్యకూడదని అంత అబద్ధం ఆడాడు. వాడి అంగీలో, చేతులు చాపుకుని, సూదులు గుచ్చుకుంటాయని కదలకుండా నిలబడి ఉన్నాను. ఒప్పుకోవడానికి వచ్చిన మాట ఇంకా నా దగ్గరే ఉంది. చెప్పేస్తే నా బరువు దిగుతుంది. ఆ దిగిన బరువు తిన్నగా మరదలి నెత్తిన పడుతుంది.

"మీరేటో చెప్తానన్నారు" అంది.

"ఏం లేదే. రేపు పొద్దున్నే లేపమని."

ఆమె మళ్ళీ కుచ్చిళ్ళు పట్టడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది. "ఏటొండేరొదినా ఆ రోజు? ఆయన్ని అడిగితే అన్నీ బాగున్నాయనేసేరు. మీరు చెప్పండి, వింటాను."

చెప్పాను. పనసపొట్టు ఆవ పెట్టి వండానన్నాను. ముద్దపప్పు, చల్లపులుసు, బెల్లం పరమాన్నం. నెయ్యి చాలక పక్కింట్లో అడిగి తెచ్చానన్నాను. ముందు మొహమాటపడ్డాడు, నేనే ముద్ద కలిపి చేతిలో పెట్టానన్నాను. ఒక్కొక్కటీ చెబుతుంటే వాడు ఎదురుగా కూర్చుని తింటున్నట్టే ఉంది, నేను వడ్డిస్తూనే ఉన్నాను.

"మారు అడిగేరా?" అంది మరదలు.

"రెండుసార్లు అడిగాడు" అన్నాను.