మా బావగారి వెండి వేట

మా బావగారు, అంటే మావారి అన్నయ్య, తనంత తెలివైనవాడు ఒహాయో మొత్తంలో లేడని నమ్మేవారు. పంతొమ్మిదివందల ఎనభైలో ఒక ఉద్యోగం మానేసి ఇంకోటి దొరికేదాకా నాలుగు నెలలు మా ఇంట్లో ఉన్నారు. తాగిన కాఫీ కప్పు సింకు దాకా తీసుకెళ్లడం ఆయన ఇంజనీరింగ్ చదువుకు తగని పని. అలాంటి మనిషి ఒకరోజు పొడుగాటి కర్రా, దాని కొసన పళ్లెం లాంటిదీ, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్సూ కొనుక్కొచ్చారు. మెటల్ డిటెక్టర్. ఆ ఏడాది వెండి ధర మండిపోతోంది. అరవై నాలుగు దాకా ఈ దేశంలో చిల్లర నాణేలు వెండితోనే చేసేవారట. పాత ఇళ్ల పెరళ్లలో జారి పడినవి ఎన్నో ఉంటాయట.

"వీళ్ల కాళ్ల కిందే ఉంది. వీళ్లకి తెలీదు," అన్నారు, ఊళ్లో తెల్లవాళ్లందరి మీదా జాలిపడుతూ.

అయితే తలుపు తట్టి అడగడం మాత్రం ఆయనకు నామోషీ. అందుకు నేను కావాల్సి వచ్చాను.

"నువ్వు పర్మిషన్ అడుగు అమ్మాయ్. చీర కట్టుకుని రా. చీరలో ఉన్న ఆడమనిషికి వీళ్లు నో చెప్పరు."

ఆస్పత్రి ల్యాబ్‌లో వారమంతా నిలబడి పనిచేసి వచ్చినదాన్ని. మావారి వైపు చూశాను. ఆయన పేపరెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మా ఇంట్లో మగవాళ్ల ధైర్యం అంతవరకే.

మూడిళ్ల వాళ్లు వద్దన్నారు. తప్పు నా ఇంగ్లీషుదని బావగారు తేల్చారు. నాలుగోది మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ ఇల్లు. రిటైరైన టీచరు. రక్తపరీక్షకు మా ల్యాబ్‌కి వస్తుండేది కాబట్టి నన్ను గుర్తుపట్టింది.

"తవ్వుకోండి. ఏది దొరికినా ముందు నాకు చూపించాలి, తర్వాత పంచుకుందాం. గుంటలు పూడ్చి వెళ్లాలి," అంది.

"షూర్ మేడమ్," అని బావగారు వంగి మరీ చెప్పారు. ఆవిడ అటు తిరగ్గానే నాతో తెలుగులో, "చూశావా, ఎంత ఆశో," అన్నారు.

కర్ర కుయ్యిమన్నప్పుడల్లా ఆయన మోకాళ్ల మీద పడిపోయేవారు. దేవుడి ముందు కూడా ఆయన అంత వంగడం నేనెప్పుడూ చూడలేదు. సీసా మూతలు, తుప్పు మేకులు, బొమ్మకారు చక్రం దొరికాయి. బట్టలారేసే తీగ కింద తొమ్మిదో గుంట తవ్వుతూ ఉన్నట్టుండి గొణుగుడు ఆపేశారు. మట్టి తుడిచారు. వెడల్పాటి అర డాలరు, తెల్లగా మెరిసింది. వరండా వైపు ఒకసారి చూసి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి దాన్ని సాక్సులోకి తోసేశారు. తలెత్తితే ఎదురుగా నేను. సిగ్గుపడలేదు. కన్నుగీటారు. ఇంటి కోడలు నోరు విప్పదని ఆయన ధీమా.

ముసలావిడ ట్రేలో నిమ్మరసం తెచ్చింది. "ఏమైనా దొరికిందా?"

బావగారు రెండు జేబులూ తిరగేసి చూపించారు. "ఓన్లీ నెయిల్స్, మేడమ్."

ఆ మాట అని, ఆవిడ ఇచ్చిన గ్లాసందుకుని గటగటా తాగారు. అప్పటిదాకా ఊరుకుందామనే అనుకున్నాను.

"ఎడమకాలి సాక్సులో ఉంది," అన్నాను ఇంగ్లీషులో. ఈసారి నా ఇంగ్లీషుకు వంక దొరకలేదు.

ఆవిడ చెయ్యి చాపింది. బావగారు ఒంటికాలి మీద గెంతుతూ బూటు విప్పి, నాణెం తీసి ఆ అరచేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని ఏప్రన్‌కి తుడిచి జేబులో వేసుకుంది. "ఇక గుంటలు పూడ్చండి," అంది. తొమ్మిదీ ఆయనే పూడ్చారు. నేను మెట్ల మీద కూర్చుని నా నిమ్మరసం తాగాను.

ఇంటికొచ్చాక మావారు, "అన్నయ్య పరువు తీశావ్," అన్నారు.

"ఆయనే కాలి కింద పెట్టుకుని తిరుగుతుంటే నేను తీసేదేముంది?"

మిగిలిన అయిదు వారాలూ బావగారు నాతో మాట్లాడలేదు. నా చేతి వంట మాత్రం రెండు పూటలా తిన్నారు. ఆ తర్వాత అరిజోనాలో ఉద్యోగం దొరికి, కర్ర కూడా కారులో వేసుకుని వెళ్లిపోయారు.

నేను అక్కడ నోరు విప్పకుండా, తర్వాత చాటుగా తనతో చెప్పి ఉండాల్సిందని మావారు చాలాకాలం అంటూ వచ్చారు.

"చెప్తే ఏం చేసేవారు?" అని ఒకసారి అడిగాను.

"మాట్లాడేవాణ్ణి," అన్నారు.

అన్నయ్య ఎదుట ఆయన పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్క మాట ఎదురు మాట్లాడిన మనిషి కాదు.