ప్లాస్టిక్ గుండుకి సవరం

హెడ్ కాయిల్ అంటే ఎమ్మారై స్కానర్‌లో పడుకున్న మనిషి తలకు తొడిగే హెల్మెట్ లాంటిది. దాని లోపల రాగి తీగ చుట్లుంటాయి. మెదడు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పట్టుకోవాల్సింది అవే. ఆ చుట్లు తలకు ఎంత దగ్గరగా ఉంటే బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది. ఈ పని నాకంటే బాగా చేసేవాళ్ళు అమెరికాలో ఉంటే ఉండొచ్చు, నాకైతే ఇంకా ఎదురుపడలేదు.

ఆ ఏడాది మేం చేసిన హెల్మెట్ మహా బిగుతు. తల వెనక భాగంలో, చూపును నడిపే చోటును ఇదివరకెన్నడూ లేనంత సూక్ష్మంగా చూడాలని మా పంతం. పక్కపక్క చుట్లు ఒకదాని మీదికొకటి సరిగ్గా ఎక్కాల్సినంతే ఎక్కాలి. లేకపోతే ఒకదాని గోల ఇంకోదానికి వినబడి రెండూ పాడవుతాయి. టంకం పెడుతూ, తీస్తూ, మళ్ళీ పెడుతూ ఆ పొందిక కుదిర్చాను. పరీక్షకి ఉప్పునీళ్ళు నింపిన ప్లాస్టిక్ తల ఒకటుండేది. దాన్ని నేను గుండు అనేదాన్ని. గుండుకి హెల్మెట్ కొలిచి కుట్టినట్టు సరిపోయింది. తర్వాత వచ్చిన వాలంటీర్లు పొట్టి క్రాపుల కుర్రాళ్ళు, వాళ్ళకీ పట్టింది. నాదెలాగూ ఎలకతోక జడ, నాకూ పట్టింది. మా టీమ్ లీడ్ అమెరికన్, మంచివాడే. ఇక డిజైన్ ఖాయం చేసి హెల్మెట్‌ని అచ్చు పోయడానికి పంపేద్దామన్నాడు.

చివరి వాలంటీర్‌గా దగ్గర్లోని హెర్న్‌డన్ ఊరి నుంచి ఓ అమ్మాయి వచ్చింది. వరంగల్ పిల్ల, ఎం.ఎస్. చదువుతోంది. నడుం దాటిన జడ. హెల్మెట్ నుదుటి దగ్గరే ఆగిపోయింది. మేం చూడాల్సిన చోటే జడ దిండులా అడ్డం పడింది. విప్పి పరిచినా అంతే.

లీడ్ ఇంగ్లీషులో తాపీగా చెప్పాడు. "పర్లేదు. ఒత్తు జుట్టున్నవాళ్ళని తీసుకోవద్దని మాన్యువల్‌లో ఓ లైన్ పెట్టేద్దాం."

ఆ అమ్మాయి నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. "జుట్టు కట్ చేయించుకొని రావాల్నా మేడమ్?"

ఆ ప్రశ్నకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క లైన్ పడితే మా అమ్మ మెదడు, మా అమ్మాయి మెదడు, మా వీధిలో సగంమంది ఆడవాళ్ళ మెదడు ఎప్పటికీ ఈ హెల్మెట్‌లోకి రావు. రేపు అందరి మెదడూ ఇంతేనని మాత్రం దర్జాగా చెప్పేస్తారు.

"జుట్టు జోలికి పోకు. ఇలా వచ్చి కూర్చో," అని, లీడ్‌ని లంచ్‌కి పంపేశాను.

హ్యాండ్‌బ్యాగ్‌లో దువ్వెన తీసి నడినెత్తి నుంచి మెడ దాకా పాపిడి తీశాను. బడిపిల్లలకు వేసే రెండు జడలే. పాపిడి వెళ్ళేది సరిగ్గా మాకు కావలసిన చోటి మీదుగా, అక్కడ జుట్టు పలచబడుతుంది. జడలు చెవుల వెనక బాగా కిందికి మొదలుపెట్టాను, హెల్మెట్ అంచు కిందనుంచి బయటికి వచ్చేలా. ఆ పిల్ల బ్యాండుకి ఇనప క్లిప్పుంది, స్కానర్ గదిలోకి ఇనుము పోకూడదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో గాజుగుడ్డ చింపి రిబ్బన్లు కట్టాను.

"మా అమ్మ గిట్లనే వేస్తుండె, బడికి లేటయితుందని మస్తు గుంజుతుండె," అని నవ్వింది. "మీరు ఇంకా గట్టిగ గుంజుతున్నరు అక్కా!"

మేడమ్ పోయి అక్క వచ్చినందుకు ఇంకాస్త గట్టిగా ముడేశాను.

హెల్మెట్ హాయిగా దిగింది. తెర మీద మెదడు మడతలన్నీ తేటగా వచ్చాయి, క్రాపు కుర్రాళ్ళ బొమ్మలకి ఏమాత్రం తీసిపోకుండా. లంచ్ నుంచి తిరిగొచ్చిన లీడ్ కుర్చీ ముందుకి లాక్కుని చాలాసేపు చూశాడు.

"మరి మాన్యువల్‌లో ఏం రాయమంటావ్?" అన్నాడు.

"రెండు జడలు ఎలా వేయాలో నేను బొమ్మ గీసిస్తాను. హెల్మెట్‌ని మాత్రం ఇప్పుడే అచ్చు పోయడానికి పంపకు," అన్నాను.

హెల్మెట్‌కి చెవుల వెనక అంచుల్లో జడలు బయటికి వచ్చేలా రెండు గాడులు పెట్టాను. దాంతో చుట్ల పొందిక అంతా చెడింది, మళ్ళీ మొదటినుంచీ కుదిర్చాను. విసుగొచ్చింది గానీ ఇదంతా అవసరమా అని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

నా పెళ్ళినాటి సవరం ఒకటి ఇంట్లో పెట్టెలో ఊరికే పడుంది. అది తెచ్చి గుండుకి అంటించాను. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ కొత్త హెల్మెట్ తయారైనా ముందు దానికే తొడగాలి. పట్టకపోతే కత్తిరించేది హెల్మెట్‌నే.