ఉత్తుత్తి ప్లగ్ పాయింట్

మొన్న శనివారం సుగుణ ఆంటీ గారి అమ్మాయి పెళ్ళిలో బిర్యానీ గంటన్నర లేటైంది. గ్యాస్ అయిపోయిందని కొందరు, చికెన్ ఉడకలేదని కొందరు అనుకుంటున్నారట. రెండూ కాదండి. కారణం నేనే. ఇంకెవరో చెప్పగా మీరు వినేకంటే నేనే చెప్పేస్తే నయం.

మేం మెల్‌బోర్న్ వచ్చి ఎనిమిది నెలలైంది కదా. క్రెయిగీబర్న్‌లో అద్దె ఇల్లు. వచ్చిన మూడో నెలలోనే మా వీధిలో రెండిళ్ళలో దొంగలు పడ్డారు. మా ఆవిడ సుశీలకి భయం పట్టుకుంది. తనకున్న బంగారమల్లా వాళ్ళమ్మ పెట్టిన ఎర్రరాళ్ళ నెక్లెస్, ఒక జత గాజులు.

"బ్యాంక్ లాకర్లో పెట్టేద్దామండీ" అంది.

"లాకరెందుకు? కాస్త తెలివుంటే చాలు" అన్నాను.

హార్డ్‌వేర్ షాపులో ఒక వస్తువు చూశాను. పైకి అచ్చం ప్లగ్ పాయింట్. పట్టుకుని లాగితే వెనకాల చిన్న డబ్బా. వైరూ ఉండదు, కరెంటూ ఉండదు. గోడకి కన్నం పెట్టి అందులో దూర్చేస్తే ఏ దొంగకీ అనుమానం రాదు. ఇక్కడ గోడలంటే అట్టలే కదా, కూరగాయల చాకుతో కోస్తే తెగిపోయింది. మేకు కొట్టాలంటే ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటు పర్మిషన్ తీసుకోవాలని అగ్రిమెంట్‌లో ఉంది. కన్నం గురించి ఏమీ లేదు.

నాలుగు నెలలు ఏ గొడవా లేదు. పోయిన నెల ఏజెంటమ్మాయి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చింది. ఇల్లంతా తిరిగి, "ఎవ్రీథింగ్ వర్కింగ్?" అని అడిగింది. నేను యెస్ అనేలోపే మా తొమ్మిదేళ్ళ షీబా అందుకుంది. "నో! దట్ పవర్ పాయింట్ నెవర్ వర్క్స్!"

పిల్ల కదా, ఎక్కడ వాగుతుందోనని దానికి అసలు సంగతి చెప్పలేదు. ఇప్పుడు నేను అది ఉత్తుత్తిదంటే గోడ కోసిన విషయం బయటపడుతుంది. "అవునండీ, అస్సలు పనిచెయ్యదు" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆ అమ్మాయి రాసుకుని వెళ్ళిపోయింది.

"ఎందుకైనా మంచిది, నగలు తీసేయండి" అంది సుశీల.

"రిపేరువాళ్ళు రావడానికి ఆర్నెల్లు పడుతుంది. వచ్చేముందు ఫోన్ చేసి చెప్తారు కూడా" అన్నాను.

చెప్పారు. గురువారం పొద్దున ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పింది ఆ అమ్మాయి. "స్పార్కీ విల్ బి రౌండ్ దిస్ ఆర్వో. హీ హేజ్ గాట్ ద కీ. ఆల్రైట్?"

స్పార్కీ అంటే కుక్క పేరు అనుకున్నాను. ఆర్వో అంటే దాని ఓనరేమో. కుక్క దగ్గర తాళంచెవి ఎందుకుంటుందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. కానీ చేతినిండా పని ఉంది. "నో వర్రీస్" అనేశాను.

స్పార్కీ అంటే ఎలక్ట్రీషియన్ అనీ, ఆర్వో అంటే మధ్యాహ్నం అనీ మా పక్క సీటాయన చెప్పాడు. అప్పటికి సాయంత్రం అయిదైంది.

పరిగెత్తుకుంటూ ఇంటికొస్తే సుశీల ఆ గోడ ముందు నిలబడి ఉంది. తళతళలాడుతూ కొత్త ప్లగ్ పాయింట్. అందులో టేబుల్ ల్యాంప్ పెట్టి స్విచ్ వేసింది.

"వెలిగిందండీ" అంది. అంతే. అరిచినా బాగుండేది.

కిచెన్ బెంచీ మీద ఒక చీటీ ఉంది. 'డమ్మీ వెనకాల మీ నగలు దొరికాయి. ఈ ఏరియాలో దొంగతనాలు ఎక్కువ. భద్రమైన చోట పెట్టాను' అని ఇంగ్లీషులో రాసి, కింద ఫోన్ నంబరు. ఎక్కడ పెట్టాడో మాత్రం రాయలేదు. ఆ చీటీ దొంగ చదివితే ఎలా అని రాయలేదట. మనిషి ముందుచూపున్నవాడు.

ఫోన్ చేస్తే మెషీన్ ఎత్తింది. బీప్ అయ్యాక మాట్లాడమంది. మాట్లాడాను. ఏడుసార్లు మాట్లాడాను. ఈలోగా ఇల్లు మొత్తం వెతికాం. బూట్లు, దిళ్ళు, ఫ్రీజర్, షీబా స్కూల్ బ్యాగు. పప్పు డబ్బాలన్నీ వొంపి చూశాం. బియ్యం బస్తా మూతి విప్పి కూడా చూశాను, పైన బియ్యమే ఉంది. మళ్ళీ కట్టేశాను.

శుక్రవారం సాయంత్రం ఆ బస్తాని నేనే భుజాన వేసుకుని వెళ్ళి చర్చి హాల్లో దింపొచ్చాను. పెళ్ళి బిర్యానీకి ఇంటికో బస్తా బాస్మతి ఇవ్వాలని మనవాళ్ళందరం అనుకున్నాం కదా.

శనివారం పొద్దున సుశీల పట్టుచీర కట్టుకుని, బోసి మెడతో అద్దం ముందు కూర్చుంది. "అమ్మకి ఉత్తరం ఏమని రాయనండీ?" అంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఇన్ ద రైస్, మేట్! రైట్ డౌన్ ద బాటమ్! అక్కడ ఎవడు చూస్తాడు?"

నిజమే. మేమూ చూడలేదు.

హాలుకి ఎలా వెళ్ళామో నాకే తెలీదు. వెనక వంటగదిలో ఎనిమిది బస్తాల బియ్యం మూడు పెద్ద టబ్బుల్లో కలిసిపోయి, నీళ్ళలో నానుతోంది. పక్కన ఎసరు మరుగుతోంది. పెళ్ళికూతురి తల్లి సుగుణ ఆంటీ గరిటె పట్టుకుని నిలబడ్డారు.

"ఆగండాంటీ! బియ్యం వెయ్యకండి!" అని అరిచాను.

"ఏం బాబూ, పురుగుందా?"

"నెక్లెస్ ఉందాంటీ."

గరిటె కింద పెట్టేశారు. ఇహ చూడండి, పదిమంది ఆడవాళ్ళు పట్టుచీరల కొంగులు దోపుకుని మోచేతుల దాకా బియ్యంలో చేతులు పెట్టారు. అవతల హాల్లో పాస్టరు గారు దంపతుల ఐకమత్యం గురించి చెబుతున్నారు. ఇవతల సుశీల నాకేసి చూడకుండా బియ్యం కెలుకుతోంది. మొదటి టబ్బులో ఒక గాజు, రెండో దాంట్లో ఇంకో గాజు దొరికాయి. మూడో టబ్బు అడుగునుంచి సుగుణ ఆంటీయే నెక్లెస్ పైకి తీశారు. నీళ్ళు కారుతున్న దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు.

"బియ్యంలో రాళ్ళుంటాయని తెలుసు గానీ బాబూ, బంగారంలో పొదిగి ఉంటాయని ఇవాళే చూశాను" అన్నారు.

ఆ తడి నెక్లెస్ అలాగే మెళ్ళో వేసుకుని సుశీల పెళ్ళిలో కూర్చుంది. ఫొటోల్లో నవ్వుతూనే ఉంటుంది. నేను పక్కన లేని ఫొటోల్లో ఇంకాస్త ఎక్కువగా.

నిన్న పొద్దున బీరువా దగ్గర మెల్లిగా అడిగాను, "ఇప్పుడు నగలు ఎక్కడ పెట్టావు?" అని.

"దొంగలకీ మీకూ తప్ప ఎవరికైనా చెప్తాను" అంది.

అన్నట్టే షీబాకి చెప్పింది. సుగుణ ఆంటీకి చెప్పింది. అసలా చోటు చూపించిందే ఆ ఎలక్ట్రీషియనట, ఫోన్ చేసి అడిగిందట. మీలో ఎవరికైనా తెలిస్తే నాకు మాత్రం చెప్పకండి. వచ్చే నెల మళ్ళీ ఇన్‌స్పెక్షనుంది, ఏజెంటడిగితే ఏం వాగుతానో నాకే తెలీదు.